సిపాయిల జీతాల కింద పోయిన సీమ

1803 నవంబరు 1న ఆర్థర్ వెల్లస్లీ ఒక పెద్ద ఉత్తరం రాశాడు. అప్పటికి అస్సాయి యుద్ధం గెలిచి నెల దాటింది. ఇప్పటి మహారాష్ట్ర జాల్నా జిల్లాలో, రెండు వాగుల నడుమ ఇరుకు నేల మీద, సెప్టెంబరు 23న మరాఠా సర్దారు సింధియా సైన్యాన్ని ఓడించి మంచి ఊపు మీదున్నాడు. పన్నెండేళ్ల తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించబోయే సేనాని ఇతనే. అతనికి అప్పుడు 34 ఏళ్లు. ఉత్తరం రాసింది పైఅధికారికి కాదు, ఒక కలెక్టరుకు. దత్తమండలాల్లో ఊరూరా గుడారం వేసుకుని శిస్తు లెక్కలు చూసుకుంటున్న థామస్ మన్రోకు. మీరు యుద్ధం ఎరిగిన మనిషి, మీ మాట నా పక్షాన ఉండాలని నా కోరిక, అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను అన్న ధోరణిలో మొదలుపెట్టి, ఆ రోజు పోరును పూసగుచ్చినట్టు వివరించాడు.

అంత వివరణ అవసరమైంది ఎందుకంటే గెలుపు చాలా ఖరీదైంది. సింధియా పదాతిదళాలకు యూరోపియన్ అధికారులు తర్ఫీదు ఇచ్చారు. వంద దాకా ఫిరంగులున్నాయి. వెల్లస్లీ పక్షాన చచ్చినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిసి సుమారు 1,600 మంది. మన్రో జవాబులో మెచ్చుకోవలసినంత మెచ్చుకున్నాడు. తప్పంటూ ఏదైనా ఉంటే అది కల్నల్ స్టీవెన్‌సన్ దళాన్ని విడదీసి వేరే దారిన పంపడంలోనే ఉందన్నాడు. వచ్చే కీర్తిని ఎక్కువమందితో పంచుకోవడం ఇష్టం లేకే అలా చేశారేమో అని సుతారంగా ఒక చురక కూడా అంటించాడు. గెలిచి వచ్చిన సేనానికి అంత మాట చెప్పగలిగింది, వెల్లస్లీ ఆ మాటను సహించగలిగింది మన్రో గతం వల్ల. ఈ కలెక్టరు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఏళ్ల తరబడి నలిగినవాడు. ఆ దండయాత్రకు కావలసిన ధాన్యం, రొక్కం సమకూర్చినవాళ్లలో కూడా ఆయన ఒకడు. యుద్ధం ఎక్కడ ఎంత ఖర్చవుతుందో, ఆ ఖర్చు ఏ రైతు గాదె నుంచి వస్తుందో ఆయనకు లెక్కతో సహా తెలుసు.

పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ఆయన ఏలుబడిలో ఉన్న ఊళ్లు. ఈ మూడింటి చుట్టూ ఆరు వందల ఏళ్లుగా ఆయుధాలు మారుతూనే వచ్చాయి. విల్లు పోయి ఫిరంగి వచ్చింది, తర్వాత ఇనుప రాకెట్టు వచ్చింది, ఇప్పుడు రాడార్లు, శతఘ్ని గుండ్లు తయారుచేసే ఫ్యాక్టరీల మాట వినిపిస్తోంది. చరిత్ర పుటలు తిరగేస్తే మాత్రం ఇక్కడి యుద్ధాలను తేల్చినవి చాలాసార్లు తిండి, నీళ్లు, జీతాలు, తెరవెనక బేరాలు. ఆ సంగతిని కళ్లారా చూసి, కాగితం మీద నిర్మొహమాటంగా పెట్టిన పాత సైనికుడు మన్రో. మన సీమ ఆయన్ను మన్రోలప్ప అని పిలుచుకుంది, పిల్లలకు ఆ పేరు పెట్టుకుంది. ఆయన రాతల్లోని సైనికుణ్ణి మాత్రం అంతగా పట్టించుకోలేదు.

పెనుకొండ నుంచే మొదలుపెట్టాలి. కోట ఉత్తర ద్వారం దగ్గరి శాసనం ప్రకారం మొదటి బుక్కరాయలు ఈ సీమను కొడుకు విరుపణ్ణకు ఇచ్చాడు, 1354లో కోట కట్టారు. వెనక నిటారుగా కొండ, ముందు చెరువులు, చుట్టూ బురుజులు. రెండు శతాబ్దాల పాటు విజయనగరానికి ఇది రెండో ఇల్లు. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధం పోయినప్పుడు తిరుమలరాయలు వందల ఏనుగుల మీద ఖజానా ఎత్తుకుని చివరికి చేరింది ఇక్కడికే. ఆ యుద్ధంలో అహ్మద్‌నగర్ ఫిరంగుల అధిపతి రూమీఖాన్ శత్రువు బాగా దగ్గరికి వచ్చేదాకా ఆగి, గొట్టాల్లో రాగి నాణేల సంచులు కూరి పేల్చించాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. ఫిరంగి మహిమ గురించి చెప్పేవాళ్లు ఈ కథ తప్పకుండా చెబుతారు. తర్వాత పెనుకొండ దగ్గర అవే ఫిరంగులకు ఏం గతి పట్టిందో చెప్పేవాళ్లు తక్కువ.

తళ్లికోట తర్వాత పదేళ్లు దాటాక బీజాపూర్ సుల్తాను అలీ ఆదిల్‌షా వచ్చి పెనుకొండను ముట్టడించాడు. మూడు నెలలు గడిచాయి. కోటలో తిండిగింజలు అడుగంటాయి, ఇక తలుపులు తెరవడమే తరువాయి. అప్పుడు రాయల పక్షం ఆదిల్‌షా కొలువులోని బర్గీ రౌతుల సర్దారును పెద్ద మొత్తం సొమ్ముతో, ఏనుగులతో తనవైపు తిప్పుకుంది. వేల రౌతులతో అతను ఫిరాయించి, ముట్టడి వేసినవాళ్లకే గ్రాసం అందకుండా దారులు కాయసాగాడు. సుల్తాను తిరుగుముఖం పట్టాడు. కోటగోడకు ఫిరంగి చేసిన చిల్లు కన్నా, డబ్బు ఎదుటి శిబిరానికి చేసిన చిల్లు పెద్దది.

1589లో గోల్కొండ వంతు. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా దండెత్తి వచ్చాడు. కోటలో ఉన్నది రెండో వేంకటపతిరాయలు. ఆయన మంత్రులను పంపి సంధి అడిగాడు. కుతుబ్‌షా ఒప్పుకుని, నమ్మకానికి గుర్తుగా సైన్యాన్ని కొంత వెనక్కి తీశాడు. ఆ విరామం మూడు రోజులు. ఆ మూడు రోజుల్లోనే రాయల సర్దారు జగదేవరాయలు తుపాకీదారులను, దీర్ఘకాలపు ముట్టడికి సరిపడా దినుసును కోటలోకి చేరవేశాడు. కుతుబ్‌షాహీ చరిత్రకారుడు ఆ తుపాకీదారుల లెక్క 30 వేలు అని రాశాడు. దాన్ని సగానికి తగ్గించుకుని చదివినా అది మామూలు సంఖ్య కాదు. ఆ తర్వాత మళ్లీ ముట్టడి మొదలైంది కానీ వానలు దగ్గరపడ్డాయి. కృష్ణకు వరద వస్తే గోల్కొండకు తిరుగుదారి మూసుకుపోతుంది. సుల్తాను గుడారాలు ఎత్తేశాడు. జగదేవరాయలు చేసింది కపటమా, రాజనీతా అని వాదించుకోవచ్చు. ఈనాటి కాల్పుల విరమణలు చాలా పరిశీలకుల కళ్ల ముందు జరుగుతున్నాయంటే, ఆ మూడు రోజుల్లో బండ్ల మీద ఏం చేరుతుందో ప్రతి సైన్యానికీ ఎరుకే కాబట్టి.

తిండి తర్వాత నీళ్లు. ధర్మవరం చెరువు పదిహేనో శతాబ్దంలో క్రియాశక్తి ఒడయరు తవ్వించాడంటారు. తల్లి ధర్మాంబ పేరు మీద ఊరు వెలిసిందని స్థానికులు చెప్పుకుంటారు. చిత్రావతి నీటితో నిండే ఈ చెరువు, ఎగువన బుక్కపట్నం చెరువు, పెనుకొండ చెరువులు పంటకు ఎంత ముఖ్యమో, దారిన పోయే సైన్యాలకూ అంతే ముఖ్యం. పదివేల గుర్రాలు, అంతకు ఎన్నో రెట్లు ఎద్దులు ఉన్న దండు ఈ మెట్ట సీమలో చెరువు నుంచి చెరువుకే నడవగలదు. పటాల మీద సైన్యం దారులు గీసేటప్పుడు చాలామంది కోటలను కలుపుతూ గీత గీస్తారు. చెరువు కట్టలను కలుపుతూ గీస్తే అసలు దారి కనబడుతుంది.

హిందూపురం పుట్టుకలోనే ఒక సైనికుడున్నాడు. గుత్తి కోటను ఏలిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే తండ్రి హిందూరావు పేరు మీద ఈ ఊరు కట్టించాడని ప్రతీతి. మురారిరావు పేరు దక్షిణాది మొత్తానికి తెలుసు. అతని రౌతులు ఎవరు జీతమిస్తే వారి పక్షాన పోరాడేవారు. 1751లో ఆర్కాటు కోటలో కంపెనీ సేనాని క్లైవు ముట్టడిలో చిక్కుకున్నప్పుడు, కోట పక్షాన డబ్బు తీసుకున్న మురారిరావు కొన్ని వేల గుర్రాలతో కనుమల దగ్గరే ఆగి చూస్తూ ఉన్నాడు. ఎవరి పలుకుబడి నిలుస్తుందో, మిగతా సొమ్ము ఎవరు ఇవ్వగలరో తేలేదాకా కదల్లేదు. క్లైవు నిలబడ్డాక కదిలాడు. ఇది నీతిమాలిన పని అని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అతని వెనక వేల కుటుంబాల కూడు ఉంది. ఓడిన ప్రభువు బకాయిలు తీర్చడు.

మైసూరును ఏలిన హైదర్ అలీ అతన్ని మించినవాడు. 1760ల మొదట్లోనే పెనుకొండ, మడకశిర మురారిరావు చేజారాయి. 1776లో హైదర్ గుత్తిని చుట్టుముట్టాడు. గుత్తి కొండ ఎక్కినవాళ్లకు తెలుసు, అది ఫిరంగికి లొంగే కోట కాదు. లొంగింది దాహానికి. కొండ మీది నీటి తావులు ఎండిపోయేదాకా హైదర్ కూర్చున్నాడు. మురారిరావును కబ్బాళదుర్గం చెరకు పంపాడు. అక్కడే ఆయన కన్నుమూశాడు.

మైసూరు రాకెట్టు గురించి ఇక్కడ ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది ఈ నేలకు పొరుగింటి ఆయుధం. తారాజువ్వ మనకు కొత్త కాదు. హైదర్, అతని కొడుకు టిప్పు కాలంలో వచ్చిన మార్పు దాని ఒంటిలో ఉంది. కాగితం గొట్టం పోయి జానెడు పొడవు ఇనుప గొట్టం వచ్చింది. ఇనుము కాబట్టి మందును గట్టిగా దట్టించవచ్చు, లోపలి ఒత్తిడికి గొట్టం చీలదు, మంట వెనక్కి బలంగా తన్నుతుంది. గొట్టాన్ని పొడవాటి వెదురు గడకు తోలు పట్టీలతో కట్టేవాళ్లు, కొన్నిటికి కత్తి అలుగు బిగించేవాళ్లు. వేల అడుగుల దూరం పోయేది. గురి అంతగా కుదరదు. గుంపు మీద, గుర్రాల మీద, మందుగుండు బండ్ల మీద పదుల కొద్దీ ఒక్కసారి వదిలితే గురి అక్కర్లేదు. 2018లో శివమొగ్గ జిల్లా నగరలో ఒక పాడుబావి పూడిక తీస్తుంటే వెయ్యికి పైగా ఇలాంటి గొట్టాలు బయటపడ్డాయి. ఇంగ్లండు వాళ్లు ఆ కాలంలోనే ఇలాంటివి తీసుకెళ్లి చూసుకుని, విలియం కాంగ్రీవ్ చేతి మీదుగా తమ రాకెట్లు చేసుకున్నారు. 1807లో కోపెన్‌హాగన్ నగరాన్ని తగలబెట్టడంలో వాటిని కూడా వాడారు.

మన్రో ఈ రాకెట్ల కింద పెరిగిన సైనికుడు. గ్లాస్గోలో 1761లో పుట్టి, 1780 జనవరిలో పదాతిదళ క్యాడెట్‌గా మద్రాసులో దిగాడు. ఆ ఏడాదే సెప్టెంబరు 10న కంచికి దగ్గర్లోని పొల్లిలూరులో హైదర్, టిప్పు కలిసి కల్నల్ బెయిలీ దళాన్ని తుడిచిపెట్టారు. బెయిలీ మందుగుండు బండ్లు పేలిపోయాయి. మన్రో ఉన్నది సేనాని హెక్టర్ మన్రో దళంలో. ఇద్దరి ఇంటిపేరు ఒకటే. ఆ దళం కంచిలో ఉండి ఫిరంగుల మోత వింటూ కూడా సకాలంలో కదల్లేదు. మర్నాడు పెద్ద ఫిరంగులను గుడి కోనేట్లోకి దొర్లించి, మద్రాసు దారి పట్టింది. పందొమ్మిదేళ్ల కుర్రవాడు తన మొదటి యుద్ధంలో నేర్చుకున్న పాఠం అది. లాగే ఎద్దు లేకపోతే ఫిరంగి బరువే తప్ప బలం కాదు.

ఆ పాఠం 1791లో మళ్లీ ఎదురైంది. గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ మార్చిలో బెంగళూరు కోట పట్టుకుని, మేలో శ్రీరంగపట్నం దాకా వెళ్లాడు. ఎద్దులు చచ్చాయి, బియ్యం అయిపోయింది, వానలు పట్టుకున్నాయి. కోట గోడలు కూల్చడానికి అంత దూరం ఈడ్చుకొచ్చిన పెద్ద ఫిరంగులను సొంత చేతులతో పాడుచేసి వెనుదిరిగాడు. మరుసటి ఏడాది మళ్లీ వెళ్లి గెలవడానికి కారణాల్లో లంబాడీల పెరిక ఎద్దులు ముఖ్యం. వేల ఎద్దుల మీద ధాన్యం మోసుకొచ్చి శిబిరంలో అమ్మే ఈ సంచార వర్తకులు లేనిదే ఆ కాలపు ఏ దండూ కదలలేదు. వెల్లస్లీ దండయాత్రలకు కూడా వాళ్లే ఆధారం. యుద్ధాల మీద ఇన్ని పుస్తకాలు వచ్చాయి, తాండాల వాళ్ల మీద అందులో పదో వంతు కూడా రాలేదు.

ఆ రోజుల్లో మన్రో ఇంటికి, ముఖ్యంగా తండ్రికి, పెద్ద పెద్ద ఉత్తరాలు రాసేవాడు. అందులో శత్రువును చూసిన తీరు ఆశ్చర్యం కలిగిస్తుంది. టిప్పు క్రూరుడని లండన్ పత్రికలు రాస్తున్న కాలంలో, మైసూరు రాజ్యంలో సైన్యం, రెవెన్యూ ఒక పద్ధతి ప్రకారం నడుస్తున్నాయని, పుట్టుకను బట్టి కాక పనితనాన్ని బట్టి మనుషులు పైకి వస్తున్నారని, అందుకే అది ప్రమాదకరమైన శత్రువని రాశాడు. 1792లో కారన్‌వాలిస్ టిప్పును ఓడించి కూడా సగం రాజ్యం వదిలేసినప్పుడు ఆ మెతకదనం మీద మండిపడ్డాడు. యుద్ధం వద్దన్న శాంతికాముకుడు కాదు మన్రో. అది మరచిపోతే ఆయన తర్వాతి మాటల విలువ తెలియదు.

1799 మేలో టిప్పు చనిపోయాడు. అతని రాజ్యంలో మన వైపు నేల నిజాం వాటాకు వచ్చింది. ఏడాదిన్నర తిరక్కుండానే, 1800 అక్టోబరు 12న నిజాం ఆ నేలను కంపెనీకి రాసిచ్చేశాడు. హైదరాబాదులో మకాం వేసిన కంపెనీ పటాలం ఖర్చులు, సిపాయిల జీతాలు నెలనెలా ఇవ్వలేక, వాటికి బదులుగా ఇచ్చిన భూమి ఇది; దత్తమండలాలన్న పేరు అలా వచ్చింది. పెనుకొండ చేలు, హిందూపురం సంత, ధర్మవరం మగ్గాలు ఎవరూ గెలవకుండానే, ఎవరూ ఓడకుండానే ఒక సైన్యం జీతం పద్దు కింద చేతులు మారాయి. సీమ చరిత్రలో ఇంతకన్నా బాధపెట్టే ఘట్టం మరొకటి లేదు. ఇక్కడి జనాన్ని ఎవరూ ఒక మాట అడగలేదు సరే, ఇక్కడి జనం కోసం ఒక తూటా కూడా పేలలేదు.

ఆ నేలకు కలెక్టరుగా మన్రో వచ్చాడు. 80 మంది దాకా పాలెగాళ్లు, వాళ్ల కింద ఇంచుమించు 30 వేల మంది ఆయుధం పట్టిన బంట్లు ఉన్నారని లెక్క వేశాడు. మేజర్ జనరల్ డూగల్డ్ క్యాంప్‌బెల్ పటాలం అండగా ఉంది. అయినా మన్రో ఎక్కువగా వాడిన ఆయుధం శిస్తు. పాలెగాడి మీద కట్టు ఎంత ఉంచితే బంట్లకు జీతం ఇవ్వలేకపోతాడో అంత ఉంచడం, కట్టకపోతే పటాలాన్ని పంపడం. ఏడాదిన్నరలో చాలామంది పాలెం విడిచి పారిపోయారు, లేదా పింఛనుదారులయ్యారు. ఇంత కరకుగా ఎందుకని లండన్‌లోని డైరెక్టర్లే తప్పుపట్టారు. మన్రో వెనక్కి తగ్గలేదు. పాలెగాళ్ల దోపిడీ భరించిన పల్లెకు ఇది ఊరటే. కానీ మాన్యం అనుభవిస్తూ ఆయుధం పట్టే కట్టుబడి బంటుకు మాత్రం ఒక్కసారిగా బతుకుతెరువు పోయింది. కొందరు కావలి పనిలోకి, కొందరు మెట్ట సేద్యంలోకి, కొందరు దారిదోపిడీలోకి వెళ్లారు. 1846లో తనకిచ్చే 11 రూపాయల తవర్జీ (పింఛను) సరిగా అందక తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెనక చేరింది అలాంటి మనుషులే. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. కట్టుబడి మాన్యాలు లాగేసుకున్న కోపం ఆ తిరుగుబాటుకు ఊపిరి పోసింది. మన్రోను ఎంత గౌరవించినా ఈ లెక్క ఆయన ఖాతాలోనే రాయాలి.

ఆయన ఖాతాలో జమ వైపు రాయవలసింది గొలుసు. 1802 జూన్‌లో నలుగురు గుమాస్తాలతో భూమి కొలత మొదలైంది. అప్పటికి ఈ సీమలో కొలత పని తెలిసినవాళ్లు అంతే మంది దొరికారు. 33 అడుగుల గొలుసు. ఆ గొలుసు పొడవు, ఆ గొలుసు వెడల్పు ఉన్న చదరం ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరం. హిందూపురం, మడకశిర వైపు రైతులు ఇప్పటికీ వాటాలు పంచుకునేటప్పుడు గుంటల్లోనే మాట్లాడుకుంటారు. పొలం కొలిచి, పట్టా రైతు పేరున రాసి, మధ్యలో పాలెగాడి బంటు చేతికి పైసా పోకుండా చేయాలన్నది ఆలోచన. శిస్తు రేటు మాత్రం భారంగానే ఉండేది. 1807లో కొలత ముగించుకుని ఇంగ్లండు వెళ్తూ దాన్ని పావు వంతు తగ్గించమని ఆయనే సిఫారసు చేశాడు.

ఇంగ్లండు నుంచి తిరిగి వచ్చాక, 1817 నాటికి మన్రో మళ్లీ సైనికుడి దుస్తుల్లో ఉన్నాడు. పీష్వాతో చివరి యుద్ధం ముంచుకొస్తోంది. బ్రిగేడియర్ జనరల్‌గా దక్షిణ మరాఠా దేశంలోకి వెళ్లిన ఆయన చేతిలో పట్టుమని ఒక పూర్తి పటాలం లేదు. కొన్ని సిపాయి కంపెనీలకు తోడు ఊళ్లలోనే బంట్రోతులను జీతానికి కుదుర్చుకుని, వాళ్లను ముందు పంపి శిస్తు వసూలు చేయించి, అదే డబ్బుతో మరింతమందిని కుదుర్చుకుంటూ కోట వెంట కోట పట్టుకున్నాడు. 1818లో బాదామి, బెల్గాం, షోలాపూర్ ఆయన చేతికి వచ్చాయి. సీమ పాలెగాళ్ల దగ్గర తాను అణచిన విద్యనే అక్కడ తన పక్షాన వాడాడు.

ఆ యుద్ధానికి కొన్ని నెలల ముందు, 1817 ఆగస్టు 12న, గవర్నర్ జనరల్ హేస్టింగ్స్‌కు ఆయన రాసిన లేఖ ఈ వ్యాసానికి ప్రాణం. విషయం, దేశీ రాజుల దగ్గర కంపెనీ ఉంచుతున్న అద్దె పటాలాలు. సీమ చేతులు మారింది ఇలాంటి ఏర్పాటు కిందే, మన్రోకు ఉద్యోగం దొరికిందీ దాని వల్లే. అయినా ఆ ఏర్పాటు హానికరమైందని సూటిగా చెప్పాడు. పరాయి పటాలం అండ ఉన్న రాజు సోమరి అవుతాడన్నాడు. ప్రజలు తిరగబడతారన్న భయం ఉండదు కాబట్టి క్రూరుడు, ఆశపోతు అవుతాడన్నాడు. చెడ్డ పాలనకు ఈ దేశంలో జనం దగ్గర ఉన్న మందు తిరుగుబాటు, ఆ మందు కూడా ఈ పటాలాల వల్ల లేకుండా పోతుందన్నాడు. ఆ ఏర్పాటు వెళ్లిన చోటల్లా ఊళ్లు పాడుబడి జనం తరిగిపోతారన్నాడు. ఇంకొక అడుగు ముందుకేసి, భారతదేశమంతా కంపెనీ చేతికి వస్తే సిపాయిలకు శత్రువులు మిగలరని, అప్పుడు వాళ్లు తమ బలం తాము తెలుసుకుని తెల్లదొరల మీదికే తిరుగుతారని హెచ్చరించాడు. ఇంచుమించు నలభై ఏళ్లకు మీరట్‌లో అదే జరిగింది.

ఈనాటి ప్రపంచాన్ని ఆ లేఖ పక్కన పెట్టి చదవాలి. అమెరికా సైన్యం అండతో నిలిచిన కాబూల్ ప్రభుత్వం 2021 ఆగస్టులో ఆ అండ తొలగీ తొలగకముందే కూలిపోయింది. ఆయుధాలకు కొదవ లేదు. ఉన్న సైన్యానికి నెలల తరబడి జీతాలు, తిండి సరిగా అందలేదన్న వార్తలు అప్పుడే వచ్చాయి. ఉక్రెయిన్‌లో డ్రోన్లు కొత్త యుద్ధానికి నాంది అని అందరూ అంటున్నారు, నిజమే. అక్కడ రెండు పక్షాలనూ ఊపిరాడనివ్వని కొరత మాత్రం 155, 152 మిల్లీమీటర్ల శతఘ్ని గుండ్లది. యూరప్ దేశాలు ఫ్యాక్టరీలు తెరిచి రాత్రింబవళ్లు గుండ్లు పోత పోయవలసి వచ్చింది.

ఆ కొరత గాలి మన వైపు కూడా వీచింది. పెనుకొండకు దగ్గర్లో, గోరంట్ల మండలం పాలసముద్రంలో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థకు 900 ఎకరాలకు పైగా భూమి ఇచ్చి, 2015లో రక్షణ వ్యవస్థల కేంద్రానికి శంకుస్థాపన చేశారు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన రక్షణ, విమానరంగ విధానంలో లేపాక్షి–మడకశిర ప్రాంతానికి చోటు దక్కింది. మడకశిర దగ్గర శతఘ్ని గుండ్ల ఫ్యాక్టరీకి అనుమతులు కదిలాయి. మైసూరు రాకెట్లు ఎగిరిన నేలకు ఇంత దగ్గరగా మళ్లీ మందుగుండు తయారీ రావడం గురించి గర్వపడేవాళ్లు గర్వపడవచ్చు. ఆ భూములు ఎవరివి, నష్టపరిహారం ఎంత, నీళ్లు ఎక్కడివి అని అడిగేవాళ్లు కూడా అంతే దేశభక్తులు.

2025 మే 7న మొదలైన ఆపరేషన్ సిందూర్‌లో డ్రోన్లు, బ్రహ్మోస్ క్షిపణులు, భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన ఆకాశ్‌తీర్ వ్యవస్థ వార్తలకెక్కాయి. నియంత్రణ రేఖ వెంట పల్లెల్లో ప్రాణాలు తీసింది మాత్రం ఎక్కువగా పాతకాలపు శతఘ్ని గుండే. మే 9న అక్కడి కాల్పుల్లో చనిపోయిన జవాను మురళీ నాయక్ గోరంట్ల మండలం కల్లితండా బిడ్డ. 2022లో అగ్నివీరుగా చేరారు. మే 11న సొంత తండాలో అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్, మంత్రి లోకేశ్ వచ్చారు. కారన్‌వాలిస్ దండుకు ధాన్యం మోసిన లంబాడీ సమాజం నుంచి, రెండు శతాబ్దాలు దాటాక, ఈ దేశపు సైన్యంలో తుపాకీ పట్టి నిలబడ్డ యువకుడు ఆయన.

అగ్నివీరుల కొలువు నాలుగేళ్లు. ఆ తర్వాత నూటికి పాతికమందికి మించి సైన్యంలో కొనసాగరు. సైన్యం సగటు వయసు తగ్గించడానికి, పింఛన్ల భారం అదుపు చేయడానికి ఇదే దారి అని సమర్థించేవాళ్లున్నారు. తర్ఫీదు పొందిన కుర్రవాళ్లను పాతికేళ్లకే ఇంటికి పంపడం తగదని మాజీ సేనానులు కొందరు బహిరంగంగానే అంటున్నారు. మన్రో అయితే ముందు జీతాల పద్దు తెప్పించుకుని చూసేవాడు. కట్టుబడి బంట్లను మాన్పించినప్పుడు వాళ్లకు రెండో పని చూపించకపోవడం వల్ల సీమ అర్ధశతాబ్దం ఏం అనుభవించిందో కలెక్టరు కచేరీ కాగితాల్లోనే ఉంది. 2022 చివర్లో చేరిన తొలి బ్యాచ్‌లకు 2026 చివరికి నాలుగేళ్లు నిండుతాయి. గోరంట్ల, పెనుకొండ, హిందూపురం మండలాల తాండాలకు, పల్లెలకు ఆ కుర్రవాళ్లు తిరిగి వస్తారు. పాలసముద్రం, మడకశిర ఫ్యాక్టరీల్లో వాళ్లకు ఎన్ని ఉద్యోగాలు, ఏ అర్హత మీద, ఎంత జీతానికి అన్నది భూములిచ్చిన ఈ మండలాల వాళ్లు జిల్లా యంత్రాంగాన్ని ఇప్పుడే, రాతపూర్వకంగా అడగాలి.